అడుగు నెరిగి వెలుగు దీపము



మన ఇండ్లలో వీధివాకిలి కున్న గౌరవము పెరటికి లేకపోయినను, సంసారములో సగభాగము పెరటివైపుననే నడచుచుండును. వంటయింటి తలుపు తెరవగానే వచ్చు వసారా, దాని కవతల నాపరాళ్లు పరచిన గచ్చు, గచ్చు నానుకొని మల్లెపందిరి, కరివేపచెట్టు, బావియో కుళాయియో, ఒక మూలగా స్నానాలగది, ఇవన్నియు కలిసిన ఆ తావు ఉదయమున పనులకును, సాయంకాలమున నలుగురు కూర్చుండి మాటలాడుకొనుటకును, రాత్రివేళ రాకపోకలకును ఆధారమై యున్నది. పట్టణములలో స్థలము కుంచించుకొనిపోయి ఆ పెరడు కాస్త గచ్చుగా, నాలుగు పూలకుండీల తోటగా మిగిలినను దాని ఉపయోగము తగ్గలేదు. అట్టి చోట, చీకటిలో మనిషి అడుగు పెట్టగానే తానై వెలిగి, మనిషి వెడలిపోయిన కొంతసేపటికి తానై ఆరిపోవు సెన్సారు దీపమును ఎట్లు ఎన్నుకొనవలెను, ఎచ్చట అమర్చుకొనవలెను అను విషయమును గూర్చి ఈ పూట మీతో ముచ్చటింపదలచితిని.

ఇది చిన్న విషయమని కొందరికి తోచవచ్చును. కాని నడిరేయి లేచి పెరటివైపు పోవు వృద్ధులను, రెండు చేతులతో అంట్లగిన్నెలు పట్టుకొని కుళాయివద్దకు నడచు ఇల్లాలిని, తెల్లవారక ముందే లేచి నీళ్లు తోడుకొను వారిని తలచుకొన్నచో దీని గురుత్వము తెలియును. గుమ్మము దాటిన పిదప స్విచ్చికొరకు గోడ తడుముకొను ఆ రెండు మూడు క్షణములలోనే కాలు జారుటయు, మెట్టు తప్పుటయు, తేలుమీదనో పాముమీదనో పాదము పడుటయు సంభవించుచుండును. అరువదేండ్లు దాటిన కంటిలోపలికి, ఇరువదేండ్ల కంటిలోనికి చేరు వెలుతురులో మూడవవంతు మాత్రమే చేరునని నేత్రశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున ఎవరికి దీపము మిక్కిలి అవసరమో వారే చీకటిలో స్విచ్చి వెదకుకొనవలసి వచ్చుట మన ఇండ్ల అమరికలోని లోపము.

అందులకే నేను మొదట చెప్పదలచిన మాట యిది. ఈ దీపమును కొనుటకు అంగడికి పోవుటకు ముందు, ఒక రాత్రి మీ పెరటి వసారాలో నిలిచి, మీ యింటివారు ఏ తలుపునుండి ఏ చోటికి నడచుచున్నారో, ఎచ్చట మెట్టు దిగుచున్నారో, ఎచ్చట నీరు నిలిచి నాచు పట్టుచున్నదో శ్రద్ధగా చూడవలెను. దీపము గోడకు అలంకారము కాదు, దొంగలను బెదరించు ఆయుధమును కాదు. నడచువాని పాదమునకు ముందుగా వెలుతురు పరచుటయే దాని ధర్మము. ఆ ధర్మమును నిర్వర్తింపగల దీపమేదో తెలియవలెనన్నచో అది మనిషిని ఎట్లు గుర్తించునో కొంత తెలిసికొనుట అవసరము.

1800వ సంవత్సరమున విలియమ్ హెర్షెల్ అను ఖగోళశాస్త్రవేత్త సూర్యకాంతిని గాజు పట్టకముద్వారా ఏడు రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకము నుంచి చూచుచుండగా, ఎరుపు రంగు ముగిసిన పిదప, కంటి కేమియు కనబడని చోట గూడ ఉష్ణమాపకము పైకెక్కుట గమనించెను. ఆ అదృశ్యకిరణములనే నేడు పరారుణకిరణము లనుచున్నాము. సూర్యుడే కాదు, వెచ్చనివైన వస్తువులన్నియు ఈ కిరణములను వెదజల్లుచునే యుండును. మానవశరీరమునుండి వెలువడు కిరణములు 9, 10 మైక్రానుల తరంగదైర్ఘ్యము దరిదాపున అధికముగా నుండును. ఇక, పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున డచ్చి వర్తకులు సింహళమునుండి తీసికొనిపోయిన టూర్మలీన్ అను రత్నము, నిప్పులపై వేడి చేసినపుడు బూడిదను ఆకర్షించుట చూచి ఐరోపావాసులు ఆశ్చర్యపడిరి. వేడిమి మారినపుడు కొన్ని స్ఫటికములయందు విద్యుత్తు పుట్టుననుటకు అది నిదర్శనము. హెర్షెల్ కనుగొనిన కిరణములు, సింహళరత్నము చూపిన గుణము, ఈ రెండును కలిసి నేడు మన పెరటి గోడమీది దీపములో పనిచేయుచున్నవి.

సెన్సారు లోపల అట్టి స్ఫటికపు తునకలు రెండు, ఒకదానికొకటి ఎదురుగా పనిచేయునట్లు కూర్చబడి యుండును. రెండింటిమీదను సమానమైన వేడిమి పడుచున్నంతకాలము, సమానమైన తూకములున్న త్రాసువలె, ఫలితము శూన్యము. మనిషి అడ్డముగా నడచినపుడు అతని దేహపు వేడిమి మొదట ఒక తునకమీదను, తరువాత రెండవదానిమీదను పడును. అప్పుడు త్రాసు అటునిటు మొగ్గును, దీపము వెలుగును. దానిముందు కనబడు పాలవన్నె ప్లాస్టిక్కు బుడగ వట్టి మూత కాదు. సముద్రతీరపు దీపస్తంభములకొరకు ఫ్రాన్సు దేశమున ఫ్రెనెల్ అను ఇంజనీరు 1820 ప్రాంతములయందు రూపొందించిన కటకమునకు అది చిన్న సంతానము. అది పెరటి దృశ్యమును విసనకఱ్ఱ మడతలవంటి పెక్కు భాగములుగా విభజించి, ఒక భాగమునుండి వేరొక భాగములోనికి మనిషి అడుగిడుటను సెన్సారునకు తెలియజేయును.

ఈ రహస్యము తెలిసిన పిదప అమరికయొక్క నియమములు వాటంతటవే బోధపడును. మనిషి సెన్సారునకు అడ్డముగా నడచినపుడు అది త్వరగా గుర్తించును. నేరుగా దానివైపే నడచి వచ్చినచో ఆలస్యముగా గుర్తించును. కావున వంటయింటి తలుపునుండి స్నానాలగదికి పోవు బాటకు ఎదురుగా, ఆ చివరి గోడమీద సెన్సారును పెట్టుట తగదు. బాటకు ప్రక్కనున్న గోడమీద, రెండు రెండున్నర మీటర్ల ఎత్తున, క్రిందికి కొంచెము వంచి పెట్టవలెను. మనిషి దేహమునుండి వెలువడు పరారుణకిరణములు కిటికీ గాజును దాటి రాలేవు గనుక, ఇంటిలోపల కిటికీవద్ద సెన్సారు నుంచి బయటి రాకపోకలను పట్టవలెనన్న ఆలోచన ఫలింపదు. ఏసీ యంత్రముయొక్క బయటి పెట్టె వెచ్చని గాలి చిమ్ముచోటికి ఎదురుగాను, ఎండకు కాగిన కొమ్మలు గాలికి ఊగుచోటికి దగ్గరగాను సెన్సారు పెట్టినచో అది నిష్కారణముగా వెలుగుచు ఆరుచు చికాకు కలిగించును. పిల్లులు, కుక్కలు తిరుగు పెరడైనచో, కటకముయొక్క క్రిందిభాగమును చిన్న అట్టముక్కతోనో పట్టీతోనో మూసి, నేలకు దగ్గరగా తిరుగు జంతువులు దాని దృష్టిలో పడకుండ చేయవచ్చును.

మన దేశవాసులు ప్రత్యేకముగా గమనింపవలసిన విషయ మొకటున్నది. ఈ సెన్సారు చూచునది వేడిమిని కాదు, వేడిమిలోని భేదమును. మనిషి చర్మము 33, 34 డిగ్రీల వెచ్చదనముతో నుండును. చలిదేశములలో తోటగాలి పది డిగ్రీలుండగా అందులో నడచు మనిషి సెన్సారునకు చక్కగా తెలియును. కాని ఎండలు ముదిరిన మే మాసమున విజయవాడయందో రామగుండమునందో చీకటి పడిన పిదప గూడ గాలి 34, 35 డిగ్రీలుండి, పగలంతయు కాగిన గోడలు ఇంకను సెగలు గ్రక్కుచుండగా, మనిషికిని పరిసరములకును భేదము దాదాపు నశించును. పెట్టెమీద 12 మీటర్ల దూరమని అచ్చు వేయబడిన సెన్సారు ఆ రాత్రులలో అందులో సగము దూరమునకే పరిమితము కావచ్చును. కావున మన ప్రాంతములలో ఒక పెద్ద సెన్సారుతో పెరడంతటిని ఏలవలెనని ఆశింపక, నాలుగైదు మీటర్లలోనే మనిషి దానికి చిక్కునట్లు అమర్చుకొనుట వివేకము. బాట పొడవైనచో రెండు చిన్న దీపములు ఒక్క పెద్ద దీపముకంటె మేలు.

ఈ సందర్భముననే పాముల మాట చెప్పవలెను. మన దేశమున పాముకాటువలన ఏటేట సుమారు 58,000 మంది మరణించుచున్నారని, 2000 మొదలు 2019 వరకు గల కాలమును పరిశీలించిన పండితులు అంచనా వేసిరి. కట్లపాము రాత్రించరము. రక్తపింజరి గడ్డిలో, ఆకుకుప్పలలో కదలక పడియుండును. సెన్సారు దీపము పెట్టుకొన్నచో పాము రాగానే అది వెలిగి హెచ్చరించునని నమ్మువారు పెక్కుమంది కలరు. అది పొరపాటు. పాము శీతలరక్తజీవి. దాని దేహము చుట్టునున్న నేలవలెనే యుండును గనుక సెన్సారునకు పాము కనబడదు. దీపము వెలుగునది మీరు వచ్చితిరని, పాము వచ్చినదని కాదు. మీ కాలు పడకముందే నేలమీద నున్నది మీకు కనబడునట్లు చేయుటయే అది చేయగల రక్షణ. అందువలన గుమ్మమునకు అవతల కాక, గుమ్మములో నిలువగానే మీరు దాని దృష్టిలో పడునట్లును, దాని వెలుతురు మెట్టుమీదను, బాటమీదను, కుండీల నడుమ సందులలోను పడునట్లును ఏర్పాటు చేసికొనవలెను. తలుపు తీసి, దీపము వెలిగి, నేల చూచి, అప్పుడు అడుగు వేయుట యింటిల్లిపాదికి అలవాటు కావలెను. ఆ వెలుతురు చేరని చెట్లక్రిందికి పోవలసినచో చేతిలో టార్చిలైటు ఉండవలసినదే.

రాత్రియంతయు దీపము వెలుగుచుండినచో ఈ బాధ యుండదు కదా యని మీరడుగవచ్చును. పది వాట్ల ఎల్.ఇ.డి. దీపము రాత్రి పండ్రెండు గంటలు వెలిగినచో నెలకు మూడున్నర యూనిట్లకు పైగా కరెంటు ఖర్చగును. సెన్సారుతో అదే దీపము రోజుకు అరగంట వెలిగి, తక్కిన కాలమున అర వాటుతో కాచుకొని యున్నచో నెలకు అర యూనిటుతో సరిపోవును. కాని ఖర్చుకంటె ముఖ్యమైన కారణ మింకొకటి కలదు. తొలకరి పడిన రాత్రి ఆరక వెలుగు దీపముచుట్టు ఉసిళ్లు ముసురుట మనమందరము చూచినదే. ఉసిళ్లకొరకు బల్లులును, కప్పలును చేరును. కప్పలున్న చోటికి పాము వచ్చుట సహజము. ఏ భయముతో దీపము రాత్రియంతయు వెలిగించితిమో ఆ భయమునకే అది బాట వేయుచున్నది. అవసరమైనపుడు వెలిగి, అవసరము తీరగానే ఆరిపోవు దీపమునకు ఈ దోషము చాలవరకు లేదు. దానికి తోడు వెలుతురుయొక్క వన్నెను గూర్చియు జాగ్రత్త పడవలెను. పెట్టెమీద 6500 కె అని వ్రాసియున్న తెల్లని దీపములో నీలికాంతి అధికము. పురుగులను నీలికాంతి మిక్కిలి ఆకర్షించును. 2700 లేక 3000 కె అని వ్రాసియున్న పసిమివన్నె దీపము పెరటికి మేలు. అది కంటికిని చల్లగా నుండును, రాత్రి పూచు మల్లెలకును, సన్నజాజులకును నిండుదనము నిచ్చును.

వెలుతురుయొక్క పరిమాణము విషయమున గూడ మనవారు పొరబడుచున్నారు. ఎంత ఎక్కువ వెలుతురైన అంత క్షేమమని తలచి ఫ్లడ్‌లైట్లు బిగించుచున్నారు. చీకటికి పూర్తిగా అలవాటుపడుటకు మానవనేత్రమునకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును. ఆ అలవాటును ఒక్క మెరపుతో చెరపివేయు పెద్ద దీపము, తాను వెలిగించిన మేర దాటిన చోటును మునుపటికంటె దట్టమైన చీకటిగా మార్చును. నిద్రకన్నులతో వచ్చిన వృద్ధులు ఆ ధాటికి కన్నులు మూసికొని అడుగు తప్పుదురు. పెరటి బాటకు 300 మొదలు 800 ల్యూమెనులు చాలును. అనగా నాలుగు వాట్లనుండి తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపము సరిపోవును. దీపమునకు పైన కప్పు ఉండి, వెలుతురు నేలకే దిగవలెను. అట్లుకానిచో ప్రక్కయింటివారి పడకగదిలోనికి మన దీపము మాటిమాటికి పోయి వారి నిద్రను చెరచును.

అంగడిలో మైక్రోవేవు సెన్సారు అని మరియొక జాతి కూడ దొరకును. అది సెకనుకు 580 కోట్ల కంపనములు గల తరంగములను తానే ప్రసరింపజేసి, కదలు వస్తువును తాకి తిరిగివచ్చు తరంగములలోని మార్పును, డాప్లరు 1842లో ప్రకటించిన సూత్రము ననుసరించి, గుర్తించును. ఎండాకాలపు వేడిమి దానిని బాధింపదు. కాని గాజును, ప్లాస్టిక్కును, పలుచని గోడలను గూడ అది దాటి చూచును గనుక, ప్రహరీ కవతల సందులో పోవు సైకిలుకును, గాలికి ఊగు అరటియాకునకును గూడ వెలుగుచుండును. మూసియున్న మెట్లదారికి, కారు నిలుపు చావడికి అది తగును. చెట్లు, తీగలు గల పెరటికి పరారుణపు సెన్సారే తగును.

ఇక గచ్చుమీద కూర్చుండుటను గూర్చి. భోజనానంతరము నవారు మంచమో కుర్చీయో వేసికొని ఇంటివారు మాటలాడుకొనుచుండగా, కదలిక లేకపోవుటచే సెన్సారు దీపము ఆరిపోవును. మాటిమాటికి చేతులూపి దానిని మేలుకొలుపవలసివచ్చిన యింటివారు విసుగుచెంది, కొన్నాళ్లకు దానిని తీసివేయుదురు. ఇది దీపముయొక్క దోషము కాదు, ఒక దీపమునకు రెండు పనులు అప్పగించుటలోని దోషము. నడకకు సెన్సారు దీపమును, కూర్చుండుటకు స్విచ్చితో వెలుగు మామూలు దీపమును వేరుగా నుంచుట ఉత్తమము. అందులకు వీలులేనిచో సెన్సారును దాటవేసి దీపమును నిలుకడగా వెలిగించు రెండవ స్విచ్చి నొకదానిని ఎలక్ట్రీషియను చేత పెట్టించుకొనవలెను.

బిగింపు విషయమున కొన్ని మాటలు. పెట్టెమీద ఐ.పి. అను అక్షరములప్రక్క రెండంకెలుండును. మొదటిది ధూళినుండి, రెండవది నీటినుండి గల రక్షణను తెలుపును. వసారా కప్పుక్రింద నుండు దీపమునకు ఐ.పి.44 చాలును. వాన నేరుగా కొట్టు గోడకు ఐ.పి.65 ఉండవలెను. సెన్సారునకు ఫేజు వైరుతోపాటు న్యూట్రలు వైరు కూడ కావలెను. పాత ఇండ్లలో స్విచ్చిపెట్టెలోనికి న్యూట్రలు రాకపోవుట సాధారణము గనుక ముందుగా చూపించుకొనవలెను. తడినేలమీద వట్టికాళ్లతో తిరుగు చోటు కావున ఎర్తు వైరును, 30 మిల్లీ ఆంపియర్ల లీకునకే కరెంటును త్రెంచివేయు రక్షణసాధనమును తప్పక ఉండవలెను. ఇందులో పొదుపు పనికిరాదు. కరెంటు తరచుగా పోవు గ్రామములలో మెట్టువద్ద ఒక చిన్న సౌరదీప ముంచుట మంచిది. దాని పలకమీద చెట్టునీడ పడకూడదు, ధూళిని తుడుచుచుండవలెను, ముసురుపట్టిన వానదినములలో దాని శక్తి తగ్గునని ఎరిగియుండవలెను.

సెన్సారు అడుగున సాధారణముగా మూడు మరలుండును. లక్సు అనునది ఎంత చీకటిలో వెలుగవలెనో నిర్ణయించును. సంధ్యవెలుగు అణగిపోవు వేళకు నేలమీద మూడు నాలుగు లక్సులుండును, పున్నమివెన్నెల పావు లక్సు ప్రాంతమున నుండును. ఆ నడుమ దానిని నిలుపవలెను. టైము అనునది ఎంతసేపు వెలుగవలెనో చెప్పును. ఇంటిలోని మిక్కిలి నెమ్మదిగా నడచువారు ఆ బాటను దాటుటకు పట్టు కాలమునకు రెట్టింపు పెట్టవలెను. మూడవది దూరమును నియమించును. బిగించిన దినమున లక్సు మరను పగటివైపునకును, టైమును కనిష్ఠమునకును త్రిప్పి, బాటవెంట నెమ్మదిగా నడచి, ఎచ్చట దీపము వెలుగుచున్నదో చూచి, అవసరమైనచో సెన్సారు ముఖమును త్రిప్పవలెను. ఆ పరీక్షను చలికాలమున చేసినవారు నడివేసవి రాత్రి మరల ఒకసారి చేయవలెను. కటకముమీద సాలీడు అల్లిన గూటిని, పట్టిన దుమ్మును మెత్తని గుడ్డతో తుడుచుట మరువరాదు.

శ్రోతలారా, వెల ఎక్కువైన దీపము మంచి దీపము కాదు, వెలుతురు ఎక్కువైన దీపమును మంచి దీపము కాదు. మీ యింటిలో వయోవృద్ధులైన వారు తలుపు తీసి నిలుచుండగానే, వారి పాదమునకు ముందు నేలను చూపించునదే మంచి దీపము. కావున కొనబోవుటకు ముందు మీ తల్లిదండ్రులను వెంటబెట్టుకొని ఒక రాత్రి పెరటి గచ్చుమీద మెల్లగా నడచి చూడుడు. వారి అడుగు ఎచ్చట తడబడునో, మొదటి దీపము అచ్చటనే పెట్టుడు.